జొన్న గాదె అడుగు కన్నం

నలభై ఏళ్లకు పైగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. దాని బరువు రోజూ తెలిసేది కాదు. వంట చేస్తాను, నవ్వుతాను, పక్కింటావిడతో పోట్లాడతాను, పడుకుంటే నిద్ర కూడా పడుతుంది. ఎవరింటి ముందైనా జొన్నలు ఎండబోసి కనిపిస్తే మాత్రం ఆ దారిన పోను. చుట్టు తిరిగి పోతాను. ఈ వయసులో అంత నడక ఎందుకమ్మా అంటే, ఒంటికి మంచిదంటాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ముప్పై దాటాక ఉదయగిరి మిషన్ బడి పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. చేతికి రాత రాగానే రాయాలనిపించింది ఇదే. ఇన్నాళ్లకు రాస్తున్నాను. అంటే చేతకాక కాదు, ధైర్యం లేక ఆగాను. మొదటే చెప్పేస్తే మంచిది.

మాది ఉదయగిరి కొండ దిగువన, ఆత్మకూరు బాట పక్కన పదకొండిళ్ల పల్లె. మా ఇంట్లో నేను పెద్దకోడలిని. చిన్నకోడలు పెంచలమ్మ, మర్రిపాడు వైపు పిల్ల. నా పని గాదెలు మెత్తడం. గాదె అంటే వెదురు బద్దలతో అల్లిన మనిషెత్తు బుట్ట. దానికి లోపలా బయటా మట్టి పూయాలి. పుట్టమన్నులో ఆవుపేడ, సన్నగా తరిగిన గడ్డి కలిపి మూడు రోజులు నానబెట్టి, కాళ్లతో తొక్కి, అప్పుడు పూయాలి. మొదటి పూత ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల మీద రెండో పూత వెయ్యాలి. గింజ పోశాక పైన మూత మెత్తుతాం. గింజ తీసుకోవడానికి అడుగున పిడికిలి పట్టేంత కన్నం ఉంటుంది. దానికి గుడ్డ కుక్కి దాన్నీ మెత్తుతాం.

తడి ఆరకముందే మెత్తిన మనిషి తన అరచేతిని ఆ మట్టిలో అద్దాలి. అది ముద్ర. ఎవరైనా గాదె తెరిస్తే ముద్ర చెడిపోతుంది, మళ్లీ అద్దుదామంటే చేయి వేరవుతుంది. నా చిటికెనవేలు పుట్టుకతోనే వంకర. కాబట్టి నా ముద్రను పల్లెలో చంటిపిల్లలు కూడా గుర్తుపట్టేవారు. నాకు దాని మీద గర్వం ఉండేది. ఎందుకు ఉండకూడదు? నేను మెత్తిన గాదెలో రెండేళ్ల నాటి గింజ కూడా పుచ్చలేదు.

ముక్కుపురుగు సంగతి కూడా చెప్పాలి. చీమకన్నా చిన్నది, నల్లగా ఉంటుంది, ముందు తొండంలాంటి ముక్కు. ఆ ముక్కుతో జొన్నగింజను తొలిచేస్తుంది కానీ ఎండిన మట్టిని తొలవలేదు. దానికి సందు కావాలి. ఆవగింజ దూరేంత సందు చాలు. గోనెసంచి అయితే దానికి అన్నీ వాకిళ్లే, ప్రతి పోగు మధ్యా దారే. బాగా మెత్తిన గాదెలో గాలి ఆడదు కాబట్టి, గింజతో పాటు లోపలికి పోయిన పురుగు కూడా చస్తుందని మా అత్త చెప్పేది. నేను చూసినంతలో అది నిజమే.

పెద్ద కరువు వచ్చిన ధాత సంవత్సరం వాన రాలేదు. చల్లిన గింజ మొలవలేదు. మళ్లీ వాన పడితే చల్లడానికి ప్రతి ఇంట్లో కొంచెం కొంచెం విత్తనం మిగిలింది. ఎవరింట్లో వాళ్లు ఉంచుకుంటే ఆకలికి ఆగలేక తినేస్తారని, పెద్దలు అంతా తెప్పించి మా ఇంట్లో ఒక్క గాదెలో పోయించారు. వాన పడిననాడే తెరవాలి. ఎండబెట్టే పని పెంచలమ్మది. నాలుగు ఎండలు ఎండబెట్టింది. చివరినాడు ఇద్దరం కూర్చొని గింజలు కొరికి చూశాం. పంటికింద టక్కుమంది. బూడిద కలిపింది, వేపాకు వేసింది. నేను రెండు పూతలు పూసి, పైనా కిందా చేయి అద్దాను.

తర్వాత పశువులు చచ్చిపోయాయి. కప్పు మీది గడ్డి పీకి పెట్టినా నిలవలేదు. ఊళ్లో కాళ్లు ఆడేవాళ్లంతా ఆత్మకూరు బాట మీద కరువు పనికి, కంకర కొట్టడానికి పోయేవారు. నాకు కాళ్లు వాచి కొన్ని రోజులు ఇంట్లోనే ఉండిపోయాను. ఇంట్లో నేను, గాదె. అంతే.

మీరు ఊహిస్తారని నాకు తెలుసు, బిడ్డ కోసం తీసి ఉంటుందని. లేదు. అప్పటికి నాకు పిల్లలు లేరు. ముసలి అత్త కోసం కూడా కాదు, కంకర కొట్టి చేతులు పగిలిన మా ఆయన కోసం కూడా కాదు. నేను తినడానికే తీశాను. పట్టపగలు అడుగు కన్నం తెరిచి, దోసిలి పట్టి, బూడిద కడిగి పచ్చిగింజలు నమిలాను. వండితే పొగ కనిపిస్తుంది కదా. ఎంత రుచిగా ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

మూడు సార్లు తీశాను, నాలుగైదు రోజులకొకసారి. తీసిన ప్రతిసారీ మెత్తి, చేయి అద్దాను. ఆ పల్లెలో ఆ దొంగతనం దొరక్కుండా చేయగల మనిషిని నేనొక్కదాన్నే. ఆ గాదెకు తాళం చెవి నా అరచెయ్యే. అయితే మెత్తడానికి పేడ ఏది? ఊరంతా వెతికినా ఒక్క ఆవు లేదు. గడ్డి లేదు. మూడు రోజులు నానబెట్టే వ్యవధి లేదు, రెండో పూతకు ధైర్యం లేదు. ఉత్త పుట్టమన్నును నీళ్లతో పిసికి పూశాను.

పూసిన చోటు తడిగా, నల్లగా కనిపించింది. సాయంత్రం అత్త వస్తే చూస్తుంది. ఆత్మకూరులో కరువు బియ్యం వచ్చిన గోనెసంచి ఒకటి మా ఆయన కప్పుకోవడానికి తెచ్చి ఉన్నాడు. దాన్ని మడిచి ఆ తడికి అడ్డంగా, గాదెకు ఆనించి పెట్టాను. ఆ గోనె కుట్లలో ముక్కుపురుగులు ఉండేవి. దులిపితే రాలేవి. నాకు తెలుసు. తెలిసే ఆనించానా? లేదు. ఆ నిమిషాన పురుగు గుర్తుకే రాలేదు, అత్త కళ్లే గుర్తున్నాయి. ఇది నిజమేనా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, ప్రతిసారీ ఇదే జవాబు వస్తుంది, కానీ అడిగేదీ చెప్పేదీ నేనే అయినప్పుడు ఆ జవాబుకు విలువెంతో నాకు తెలియదు.

మూడోసారి మెత్తిన కొన్ని రోజులకు గోనె జరిపి చూశాను. మట్టి నెర్రెలిచ్చి ఉంది, ముద్రకు అడ్డంగా. నా కళ్లముందే ఒక పురుగు గోనె మీంచి దిగి నెర్రెలోకి పోతోంది. గోటితో నొక్కి చంపాను. ఒక్కటే కదా అనుకున్నాను. మాటకు అనుకున్నాను, అంతే. ఒక్క పురుగు ఎప్పుడూ ఒక్కటిగా రాదని నాకన్నా బాగా తెలిసిన మనిషి ఆ పల్లెలో లేదు. అప్పుడైనా చెప్పి ఉంటే, గాదె ఖాళీ చేసి, గింజ చెరిగి, మళ్లీ ఎండబోసి సగమైనా దక్కించుకునేవాళ్లం. నన్ను తిట్టేవారు. కొట్టేవారేమో కూడా. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. గోనెను మళ్లీ దాని చోటే పెట్టాను.

మరుసటి ఏడు, ఈశ్వర సంవత్సరం, వాన పడింది. పదకొండిళ్ల వాళ్లూ బుట్టలు పట్టుకొని వచ్చారు. ముద్ర వేసినదాన్ని కాబట్టి పగలగొట్టాల్సింది నేనే. వాళ్లు వాకిట్లో ఉండగానే గోనె తీసి పక్కన పారేసి, అడుగు కన్నం మీది మట్టిని ముందుగా రాతితో పొడిపొడిగా కొట్టేశాను. నెర్రె ఉందని చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు. కన్నంలోంచి జొన్నలు రాలేదు. పిండి రాలింది, పిండితో పాటు పురుగులు. పైమూత తీసి చూస్తే అక్కడా అదే. నీళ్లలో పోస్తే దోసిలికి నాలుగు గింజలు మునిగాయి, మిగతావన్నీ తేలాయి.

పైమూత మీద నా ముద్ర మాత్రం చక్కగా ఉంది. అందరూ దాన్నే చూశారు. మెత్తు బాగుంటే తప్పు గింజలో ఉండాలి, తడిగింజ పోసి ఉండాలి. ఆ లెక్క నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ఎండబెట్టింది ఎవురు?" అన్నాడు ఊరిపెద్ద.

పెంచలమ్మ నా వైపు తిరిగింది. "నాలుగెండలు పోసినాను. నువ్వు గూడా కొరికి చూసినావు గదక్కా, చెప్పు."

"నేనేం చూడలా" అన్నాను.

రెండే మాటలు. దొంగతనం ఆకలి చేయించిందంటాను, నమ్మితే నమ్మండి. ఈ రెండు మాటలు ఎవరు చేయించారు? ఆనాడు నా కడుపు మరీ ఖాళీగా కూడా లేదు.

సంగం వైపు నుంచి ఎలాగో కొంత విత్తనం తెచ్చుకునేసరికి అదును దాటిపోయింది. చల్లినవాళ్లకు చొప్ప వచ్చింది, కంకి సరిగా రాలేదు. రెండిళ్ల వాళ్లు ఊరు విడిచిపోయారు, మళ్లీ కనిపించలేదు. మా అత్త పెంచలమ్మను పుట్టింటికి పంపేసింది. మూడేళ్లు అక్కడే ఉంది. ఆమెకు 'తడిచెయ్యి' అని పేరు పడింది. తడిచెయ్యి పెంచలమ్మ అంటే మా చుట్టుపక్కల అందరికీ తెలిసేది. చివరికి మా మరిది వెళ్లి తీసుకొచ్చి ఆత్మకూరులో వేరుకాపురం పెట్టాడు. నేను మాత్రం గాదెలు మెత్తుతూనే ఉన్నాను. నన్ను కలువాయి నుంచి కూడా వచ్చి పిలిచేవారు.

పన్నెండేళ్ల తర్వాత చెప్పేద్దామని ఆత్మకూరు పోయాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. పెంచలమ్మ ఎండలో వంగి జొన్నలు తిరగేస్తోంది. నన్ను చూసి సంతోషపడింది, మజ్జిగ ఇచ్చింది, మళ్లీ వెళ్లి తిరగెయ్యసాగింది.

"ఎన్ని ఎండలే ఇది?" అన్నాను, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలని.

"తొమ్మిది. పదోది రేపు."

"జొన్నకు నాలుగు చాలవా ఏంది?"

"చాలవక్కా. ఆ కరువు యేడు నాలుగెండలకే ఎత్తేసినా గదా. పదకొండిళ్లోళ్ల నోట్లో మన్ను గొట్టినా."

"నీ వల్లనే అయిందని ఎవురు జెప్పినారు నీకు?"

"ఒకరు జెప్పేదేంది? మొదట్లో నా తప్పు గాదని ఏడ్చినా. పుట్టింట్లో కూసోని ఆలోచన జేస్తా ఉంటే మెల్లిగా గుర్తొచ్చింది. నాలుగోనాడు మద్దేనం మబ్బు పట్టింది. చూసినా. చూసి గూడా ఎత్తేసినా. నువ్వు ఆ పొద్దు కొరికి చూసినానని నాకోసం అబద్ధం జెప్పలా చూడు, అదే మంచిదయిందక్కా. చెప్పుంటే ఆ పాపం నీకు గూడా చుట్టుకునుండేది."

చెప్పడానికే అంత దూరం నడిచి వెళ్లాను. ఆమె నా ముందే ఉంది, వినేవాళ్లు వేరే ఎవరూ లేరు. మజ్జిగ తాగి, చెంబు బోర్లించి, పొద్దుపోతోందని లేచి వచ్చేశాను. అప్పుడు చెప్పనిదాన్ని ఇంకెప్పుడూ చెప్పలేదు.

పోయిన వేసవిలో ఆమె చనిపోయింది. దినాలకు వెళ్లాను. ఆమె కూతురు, నలుగురు పిల్లల తల్లి, వచ్చినవాళ్లకు చెబుతోంది, మా అమ్మ ఒక్కసారి మబ్బులో గింజ ఎత్తింది, ఆ దిగులుతోనే బతికింది, అందుకే మేము పది ఎండలకు తక్కువ ఎత్తమని. నేను అక్కడే కూర్చొని విన్నాను. తల కూడా ఊపానేమో.

ఎవరో క్షమిస్తారని ఆశించి ఇది రాయడం లేదు. క్షమించాల్సిన మనిషి లేదు, ఉన్నా అడిగేదాన్ని కాదేమో. చదివిన మీరు నన్ను అసహ్యించుకున్నా నేను కాదనను. ఒక్క సంగతి మాత్రం నేను పోయేలోగా ఎక్కడో ఒకచోట ఉండాలి. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ ధాత సంవత్సరం, పెంచలమ్మ జొన్నలు ఎండబోసిన నాలుగు రోజులూ, ఆకాశంలో మబ్బుతునక లేదు. మబ్బే ఉంటే మాకు కరువెందుకు వస్తుంది?