వెనక సీటులో ఆమెన్

నేలకు కాలువలిచ్చి, కాలువలకు గట్లిచ్చి, ఆ గట్ల మీద మనుషులకు దారి ఇచ్చిన దేవునికి స్తోత్రం. నాకు చూపున్న రోజుల్లోనూ, అది మసకబారిన రోజుల్లోనూ ఒకే ఎండను నా ముఖం మీద ఉంచినవాడికి స్తోత్రం. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నా మా ఇంట్లోంచి నవ్వును బయటికి పోనివ్వనివాడికి మరీ స్తోత్రం. ఇక జరిగింది చెబుతాను.

మేముండేది టెక్సస్‌లో, ఆస్టిన్ పక్కన. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ణి. రెటీనా జబ్బు మెల్లగా నా చూపును తీసుకుపోయింది. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు. ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించేది ఇప్పటికీ నేనే. చిన్నప్పుడు మా గోదావరి జిల్లా చర్చిలో నేర్చుకున్న పాటలకు పుస్తకం అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం వదులుకోలేకపోయాను. ప్రతి శనివారం తెల్లవారగానే సైకిలు మీద ఊరి బయటికి వెళ్ళేవాణ్ణి. నా ఏకాంత ప్రార్థన అదే. పెడల్ తిరుగుతుంటే మాటలు వాటంతటవే వచ్చేవి. ఆ ఖాళీ దారుల్లో దేవునితో గట్టిగా మాట్లాడినా వినేవాళ్ళు లేరు. చూపు పోయాక కుర్చీలో కూర్చుని అదే ప్రార్థన చేద్దామంటే సగంలో నిద్ర వచ్చేది. నా సైకిలు గరాజ్‌లో గోడకు వేలాడుతూ ఉండేది. అటు వెళ్ళినప్పుడల్లా చేత్తో తడిమి వచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి చెప్పాను, ఇంకొక్కసారి సైకిలు తొక్కాలని ఉందని. సంఘం అంతా నిజంగానే ప్రార్థన చేసింది. సంఘంలోనే ఒక కుటుంబం గరాజ్ సేల్‌లో టాండెమ్ కొనుక్కుంది. ఇద్దరు కలిసి తొక్కే పొడుగు సైకిలు అది. ముందు కూర్చున్నవాళ్ళే హ్యాండిల్ పట్టాలి, బ్రేక్ వెయ్యాలి. వెనకవాళ్ళకు తొక్కడం తప్ప పని లేదు. వాళ్ళు దాన్ని తెచ్చి మా ఇంటి ముందు పెట్టేశారు. ముందు సీటు ఎవరిదో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు భీమవరంలో స్కూలుకు సైకిలు మీద వెళ్ళిన మా ఆవిడ, మళ్ళీ ఇన్నేళ్ళకు హ్యాండిల్ పట్టింది.

చర్చి పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే మా సంఘంలోని వరంగల్ తమ్ముడొకడు చూడ్డానికి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, భార్యకు భర్త శిరస్సు అని గదా మొన్న వాక్యం చెప్పినవ్. శిరస్సు బ్యాక్ సీట్ల కూసుంటే ఎట్లనే?"

"హ్యాండిల్ నాది, సలహాలు ఆయనవి తమ్ముడూ," అంది మా ఆవిడ. "నీకేమైనా ఉంటే నువ్వూ పడెయ్."

అవి ఒట్టి సలహాలు కావు. "లెఫ్ట్, లెఫ్ట్" అని అరిచేవాణ్ణి. మలుపు రాకముందే ఒళ్ళు వంచేవాణ్ణి. సైకిలు ఒక పక్కకు, నేనొక పక్కకు, ఆవిడ ఇంకో పక్కకు.

"మీకు కనపడదు కదా. లెఫ్ట్ అని ఎలా తెలిసింది?"

"తెలుస్తుందిలే."

"నాకు కనపడుతోందండీ. అక్కడ రైట్ ఉంది."

రెండుసార్లు పడ్డాం. దెబ్బలేమీ లేవు. కానీ మా ఆవిడ ఎముకలు విరిగిన ముసలివాళ్ళను రోజూ చూసే మనిషి. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నిదానంగా చెప్పింది. "శాన్ ఆంటోనియోలో నది పక్కన కార్లు రాని దారి ఉందట. ఒక్కసారి తీసుకెళ్తాను. అక్కడ కూడా పడ్డామంటే దిగి నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చేద్దాం. టాండెమ్ తిరిగిచ్చేద్దాం, గరాజ్‌లో ఉన్నది ఎవరికైనా ఇచ్చేద్దాం. ఆ తర్వాత మళ్ళీ నన్ను అడగకూడదు."

సరేనన్నాను. అంతకంటే ఏమంటాను? ఆవిడ భయం నా కోరిక కంటే చిన్నదేమీ కాదు.

నవంబరులో ఒక శనివారం, ఎండ మెత్తగా ఉన్న పూట వెళ్ళాం. ఆ నది పొడుగునా స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్లు దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట కట్టించిన రాతి చర్చిలున్నాయి. వాటిని మిషన్లంటారు. మన కోస్తాలో మిషన్ కాంపౌండ్ తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మధ్యలో చర్చి, చుట్టూ గోడ, గోడ వెంట గదులు, బయట పొలాలు. రాయి మోసి గోడ లేపినవాళ్ళు, నది నీళ్ళను పొలాలకు మళ్ళించే కాలువలు తవ్వినవాళ్ళు ఆ నేల మనుషులే. ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు ఇప్పుడు సైకిలు దారి వేశారు. మేము శాన్ హోసే మిషన్ దగ్గర కారు ఆపి బయల్దేరాం. చివరిదైన ఎస్పాడా మిషన్ దాకా వెళ్ళాలని మా ఆశ.

మొదట్లో తూలుతూనే వెళ్ళాం. కాంక్రీటు పలకల అతుకుల మీద చక్రాలు టకటకమనేవి. ముందు చక్రం చప్పుడు ఆవిడది, వెంటనే వెనక చక్రం చప్పుడు నాది. ఎక్కడో పిట్టలు కూస్తున్నాయి. ఒక్క హారన్ లేదు, ఒక్క ట్రక్కు గాలి లేదు.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగాను.

"చెట్టు."

కొంత దూరం వెళ్ళాక మళ్ళీ అడిగాను.

"ఇంకో చెట్టు. మీరు ఒళ్ళు వంచకండి."

"నేను వంచలేదు."

"మరి నేను ఎందుకు గడ్డి వైపు పోతున్నాను?"

శాన్ హువాన్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళ చప్పుడు వినిపించింది. నది చప్పుడు కాదు. చిన్న తూములోంచి పంట కాలువలోకి నీళ్ళు దూకేటప్పుడు వచ్చే గుడగుడ. ఆ చప్పుడు పక్కనే నేను పెరిగాను. ఆగి అడిగితే, అది ఆ పాత కాలువేననీ, ఇప్పటికీ అక్కడి పొలానికి నీళ్ళిస్తోందనీ చెప్పారు. వంగి చెయ్యి పెట్టాను. చల్లగా, తడి మట్టి వాసనతో, అచ్చం మా ఊరి కాలువే. మళ్ళీ సైకిలెక్కేటప్పుడు నా గుండె నిండిపోయి ఉంది.

అక్కణ్ణుంచి దారి కొంచెం పల్లంగా దిగుతుంది. గాలి ముఖానికి కొట్టింది. పెడల్ దానంతటదే తిరుగుతోంది. నా శనివారాలన్నీ ఒక్కసారిగా తిరిగి వచ్చినట్టయింది. ఆపుకోలేక గొంతెత్తి, "ప్రేమగల తండ్రీ, ఈ ఉదయం కోసం నీకు..." అని మొదలుపెట్టాను.

ఇంకో నాలుగు మాటలు అన్నానో లేదో, కింద కాంక్రీటు టకటక ఆగిపోయింది. ఏదో మెత్తగా తగిలింది. సైకిలు నిదానంగా, చాలా మర్యాదగా పక్కకు ఒరిగింది. ఇద్దరం గడ్డిలో ఉన్నాం.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"లేదు. మీకు?"

"లేదు. ఏమైంది? కుక్క అడ్డొచ్చిందా?"

ఆవిడ నా మోచెయ్యి తడిమి చూసింది.

"రాయా?"

"కళ్ళు మూసుకున్నాను," అంది.

"ఎందుకు?"

"మీరు ప్రార్థన మొదలుపెట్టారు కదండీ."

సండే స్కూల్లో మొదలైన అలవాటు అది. ప్రార్థన అని చెవిన పడితే చాలు, మా వాళ్ళ రెప్పలు వాలిపోతాయి. వాటికి సైకిలని తెలియదు, పల్లమని తెలియదు.

ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చారు. గొంతును బట్టి పెద్దావిడ. "ఆర్ యూ ఫోక్స్ ఓకే?"

"యెస్ మేడమ్," అంది మా ఆవిడ గడ్డిలోంచే. "వీ వర్ జస్ట్ ప్రేయింగ్."

ఆ పెద్దావిడ, "వెల్, ఆమెన్ హనీ," అని మాకు చెయ్యి ఇచ్చి లేపి, తన దారిన పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

నేను గడ్డి దులుపుకుని నిలబడ్డాను. పడ్డాం. మాట మాటే. హ్యాండిల్ ఎక్కడుందో తడుముకుని పట్టుకుని, "పద, కారు దగ్గరికి నడుద్దాం," అన్నాను.

ఆవిడ కదల్లేదు. ముక్కు చీదిన చప్పుడు వినిపించి ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. గాలి తీసుకోలేనంతగా నవ్వుతోంది.

"నిబంధన మీ వల్ల పడితేనని పెట్టాను. ఇది నా వల్ల," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే లెక్కలోకి రాదా?"

"రాదు. కానీ ఇకనించి ప్రార్థన నేను చేస్తాను, కళ్ళు తెరుచుకుని. మీరు ఆమెన్ అనండి. లెఫ్ట్ అనకూడదు, రైట్ అనకూడదు. ఆమెన్, అంతే."

మళ్ళీ ఎక్కాం. ఆవిడ మొదలుపెట్టింది. సంఘంలో ఎప్పుడూ గట్టిగా ప్రార్థన చేయని మనిషి. మొదట్లో మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి.

"ప్రభువా, కుడి పక్కన పెకాన్ చెట్టుంది, కాయలు కింద రాలి ఉన్నాయి, నీకు స్తోత్రం."

"ఆమెన్." నిజంగానే చక్రం కింద ఒక కాయ పగిలింది.

"తండ్రీ, ముందు ఎడమకు మలుపుంది, స్తోత్రం."

"ఆమెన్."

"నీళ్ళలో తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడింది. మమ్మల్ని చూసి కూడా ఎగరలేదు. దానికున్న నమ్మకం మాకూ ఇవ్వు."

"ఆమెన్."

ఇందాకటి దాకా చెట్టు, ఇంకో చెట్టు అన్న మనిషే. ఇప్పుడు పొలంలో వంగిన ఆకుకూరల రంగు చెబుతోంది, గడ్డి మీద చిన్నపిల్లను నడిపిస్తున్న తాత టోపీ చెబుతోంది. మనిషికి చెప్పడానికి ఆవిడకు మాటలు దొరకలేదు, దేవునికి చెప్పడానికి దొరికాయి. వెనక కూర్చుని వింటున్న నాకు అన్నీ కనిపించాయి. తర్వాతి మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడంలో ఒళ్ళు వంచడం మరిచిపోయాను. సైకిలు తూలడం ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు.

ఎస్పాడాకు చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. చిన్న చర్చి. గోడ పైన మూడు గంటలున్నాయని మా ఆవిడ చెప్పింది. గుమ్మం దగ్గర ఆగి గుసగుసగా అడిగింది.

"ఇది ఆర్‌సీఎం వాళ్ళది, కేథలిక్కులది కదండీ. ఇక్కడ మనం స్తోత్రం చెప్పొచ్చా?"

"పెకాన్ చెట్టుకు చెప్పావు, కొంగకు చెప్పావు. ఇక్కడ మొహమాటం ఎందుకు?"

రాతి గోడ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. గోడ పక్కనే చెట్టు నీడలో కూర్చుని పెరుగన్నం, రొయ్యల పచ్చడి తిన్నాం. భోజనానికి ముందు కూడా ఆవిడే ప్రార్థన చేసింది. "కళ్ళు మూసుకున్నావా?" అని అడిగాను. "ఇప్పుడు మూసుకోవచ్చు, అన్నమెక్కడికీ పోదు," అంది.

గరాజ్‌లో వేలాడే నా సైకిలును ఆ వారమే కొత్తగా వచ్చిన ఒక స్టూడెంట్‌కి ఇచ్చేశాం. దాన్ని గోడ మీద నుంచి దించింది నేనే, బాధ లేకుండా. టాండెమ్ మాత్రం తిరిగివ్వలేదు. దాని సొంతదారులు ఇంకా అడగలేదు. మేమూ గుర్తు చేయలేదు. ఇప్పుడు శనివారం తెల్లవారగానే, "ఏవండీ, లేవరా? కొంగలు వచ్చేసి ఉంటాయి," అని లేపేది ఆవిడే.

చదువుతున్న మీరూ మాతో కలిసి ప్రార్థన చేయండి. మోకాళ్ళ మీద ఉండనక్కర్లేదు, కళ్ళు అసలు మూసుకోకండి. మీ కిటికీలోంచో, మీ గుమ్మంలోంచో బయటికి చూసి, మొదట ఏది కనిపిస్తే దాని పేరు పలికి, ఇచ్చినవాడికి స్తోత్రం చెప్పండి. కాస్త గట్టిగా, నాకు వినపడేలా చెప్పండి. వెనక సీటులో నేనున్నాను. ఆమెన్ నేనంటాను.