మూడో ట్రాక్ విన్నవాళ్ళు

విశాఖపట్నంలో పలాస పాసింజరు ఉదయం 5.50కి కదిలింది. అది 2007 జనవరి నెలాఖరు. సంచిలో రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, నోటు పుస్తకం, చెవులకు తగిలించుకుని వినే చిన్న సీడీ ప్లేయరు, రెండు సీడీలు ఉన్నాయి. సీడీల మీద స్కెచ్ పెన్నుతో 'ఇంకా పూర్తి కాలేదు' అని రాసి ఉంది.

ఆ రాత మా చెల్లెలి కూతురు మాధవిది. తనూ మరో ముగ్గురు స్నేహితులూ ఒక బ్యాండు నడుపుతున్నారు. అందులో పాడేవాళ్ళు లేరు, మాటలు ఉండవు. గిటార్లు, డ్రమ్ములు నెమ్మదిగా మొదలై, పెరిగి పెరిగి కిటికీ అద్దాలు అదిరేంత చప్పుడై, మళ్ళీ తగ్గిపోతాయి. పోస్ట్-రాక్ అంటారట. ఇది వాళ్ళ రెండో ఆల్బమ్. అందులో మూడో ట్రాక్ ఉంచాలా తీసేయాలా అన్నదాని మీద నలుగురూ ఇద్దరిద్దరుగా విడిపోయి పోట్లాడుకుంటున్నారు.

అంతకుముందు చలికాలం మాధవి వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక మత్స్యకార గ్రామంలో వారం రోజులు ఉంది. మంచు పట్టిన ఉదయాల్లో సముద్రం మీద పడవలకు ఒడ్డు కనబడదు. లచ్చయ్య అనే ముసలాయన ఒడ్డున కూర్చుని కిరసనాయిలు డబ్బా కొడతాడు. ఆ చప్పుడు పట్టుకుని పడవలు వస్తాయి. మాధవి దాన్ని రికార్డు చేసుకుంది. మూడో ట్రాక్ అంతా ఆ డబ్బా మీదే నడుస్తుంది.

"మా ఫ్రెండ్స్ అన్నీ బాగున్నాయనే అంటారు మావయ్యా. నువ్వయితే ఎవరేమన్నారో ఉన్నది ఉన్నట్టు రాసుకొస్తావు. ముఖ్యంగా లచ్చయ్య తాత వినాలి. ఆయన వద్దంటే తీసేస్తాం. వచ్చే సోమవారం కాపీలకి ఇచ్చేయాలి" అంది.

బయల్దేరే ముందు ఇంట్లో ఆ ట్రాక్‌ను గడియారం పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. మొత్తం పదకొండు నిమిషాలు. మొదటి నిమిషం డబ్బా ఒక్కటే. తరువాత గిటార్లు కలుస్తాయి. ఆరు నిమిషాల నలభై సెకన్లకు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. యాభై సెకన్లు ఏ శబ్దమూ ఉండదు. మళ్ళీ డబ్బా మొదలవుతుంది. ఇవన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

9.35కి నౌపడలో దిగి, షేర్ ఆటోలో టెక్కలి చేరాను. బస్టాండు పక్కన ఇడ్లీ తిని మిత్రుడు సన్యాసిరావు ఇంటికి వెళ్ళాను. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. ముప్పై ఏళ్ళుగా వయొలిన్ వాయిస్తున్నాడు. ప్లేయరు తగిలించుకుని కళ్ళు మూసుకుని మొత్తం ఆల్బమ్ విన్నాడు. మధ్యలో రెండుసార్లు నిద్రపోయాడేమోనని అనుమానం వచ్చింది.

"మూడోది పదకొండు నిమిషాలయ్యా. సినిమా అయితే ఈపాటికి విలన్‌ని జైల్లో వేసేవారు" అన్నాడు. ప్లేయరు తీసి నా చేతికిచ్చి, "కాని ఆ మధ్యలో ఆగింది చూశావూ, అది బాగుంది. ఊపిరి బిగబట్టుకున్నాను. అది మాత్రం తియ్యొద్దని చెప్పు" అన్నాడు. ఆ మాటే రాసుకున్నాను. నాకూ అదే నచ్చింది.

భోజనం చేసి 2.45 బస్సు ఎక్కి నాలుగింటికి పలాసలో దిగాను. స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకుని, తెలిసిన వారి జీడిపప్పు షెడ్డుకు వెళ్ళాను. ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పుకు పొట్టు తీస్తున్నారు. యజమాని టేప్ రికార్డరులో సీడీ కూడా పడుతుంది. పెట్టాం.

"పాట ఎప్పుడు మొదలౌతాదండి బాబూ?" అని ఒకామె పది నిమిషాలకు అడిగింది.

"ఇదే పాటమ్మా."

"ఓలమ్మ, పెళ్ళోరు రాకుండా బాజా ఒక్కటే వొచ్చినట్టుందే" అంది పక్కామె. అందరూ నవ్వారు. అయితే పొట్టు తీసే చేతులు మూడో ట్రాక్ మొదలయ్యాక డబ్బాతో పాటు కదలడం గమనించాను. అది ఆగినప్పుడు చేతులు కూడా ఒక క్షణం ఆగాయి. ఇది కూడా రాసుకున్నాను.

మర్నాడు ఉదయం 5.30కి మాట్లాడుకున్న ఆటోలో బయల్దేరాను. దారంతా మంచు. జీడితోటలు, కొబ్బరితోటలు దగ్గరికొచ్చేదాకా కనబడలేదు. డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. తీరం చేరేసరికి 6.50. ఊరి పేరు రాయవద్దని ఆ ఊరివాళ్ళు అడిగారు. అందుకని రాయడం లేదు.

సముద్రం కనబడలేదు, వినబడుతోంది. లచ్చయ్య ఇసుకలో గొంతుక్కూర్చుని, ముందు డబ్బా బోర్లించుకుని సరుగుడు కర్రతో కొడుతున్నాడు. వరసగా రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. రెండూ ఒకటీ, రెండూ ఒకటీ. చుట్టూ ఆడవాళ్ళు బుట్టలతో నిలబడ్డారు. మొదటి పడవ మంచులోంచి మా ఎదురుగానే తేలింది.

ఉన్నట్టుండి ఆయన కొట్టడం ఆపేశాడు. చెయ్యి నొప్పెట్టిందేమో అనుకున్నాను. పెద్ద కెరటాలు నాలుగు వరసగా వచ్చి విరిగాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. ఎందుకు ఆపారని అడిగాను. చెవి సరిగా వినబడదని చెయ్యి అడ్డం పెట్టుకుని రెండోసారి అడిగించుకున్నాడు.

"డబ్బా మోగితే రమ్మని. ఆగితే రావొద్దని. పెద్ద కెరటాలు లెగిసినప్పుడు ఆపెత్తాను. ఆల్లు పడవ తల సముద్రంకేసి తిప్పీసి నిలబడతారు. మళ్ళీ మోగేదాకా కదలరు."

"ఇంజను చప్పుడులో వినబడుతుందా?"

"ఇంజను ఆపీసి ఇంటారు బాబూ. పేణం కదా."

నేను ముప్పై నాలుగేళ్ళు టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేశాను. చప్పుడుకు ఎంత అర్థముందో, చప్పుడు లేకపోవడానికీ అంత అర్థముందని నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన మాటల్ని 7.20కి పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నాను గాని, నా సంచిలో ఉన్నదానితో కలిపి ఆలోచించలేదు.

ఎనిమిదింటికి ఐదు పడవలు వచ్చాయి. వెళ్ళినవి ఆరు. ఆరోది, అక్కడ బుట్టతో నిలబడ్డ పోలమ్మ కొడుకు దానయ్యది. వెంట అతని బావమరిది ఉన్నాడు.

"మావోడు నిన్నట్లాగ పక్కూరు పోయుంటాడు. అక్కడ సేపకి రేటు బాగుందంట" అంది పోలమ్మ. లచ్చయ్య ఇంకో పావుగంట కొట్టి డబ్బా పక్కన పెట్టాడు. "ఏదీ, ఆ పిల్ల సేసిన పాట ఎట్టండి. గట్టిగా ఎట్టాల. నాకు ఇనపడదు" అన్నాడు.

పడవలు దిగే చోటికి ఉత్తరంగా రెండు వందల గజాల దూరంలో అమ్మవారి గుడి ఉంది. అందరం అక్కడికి నడిచాం. గుడి పక్క గదిలో మైకుసెట్టు. తుపాను కబుర్లు చెప్పడానికి దాని గొట్టాన్ని సముద్రం వైపు తిప్పి కట్టారు. మైకు చూసే మనిషి నా ప్లేయరును దానికి కలిపి టీకి వెళ్ళాడు. 8.25కి మూడో ట్రాక్ పెట్టాను.

డబ్బా గొట్టంలోంచి తీరమంతా మోగింది. లచ్చయ్య మోకాలి మీద వేళ్ళతో తాళం వేశాడు. గిటార్లు కలిశాక పోలమ్మ, "ఇదేటి, లచ్చయ్య మావ డబ్బాకి పెళ్ళి సేసినట్టున్నారు" అంది. "నన్నెవుడూ పిలవలేదే పెళ్ళికి" అన్నాడు లచ్చయ్య. పెద్ద చప్పుడు వచ్చినప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. అభిప్రాయాలు రాసుకోవడానికి కలం తీశాను. అప్పుడే అంతా ఆగిపోయింది.

"అయిపోనాదా?" అని ఎవరో అడిగారు.

ఆ నిశ్శబ్దంలో గుడికి ఎదురుగా, మంచులో, దగ్గరగా ఇంజను చప్పుడు వినబడింది. వెంటనే అదీ ఆగింది. ఇంజను ఆపేసి వింటున్నారు.

పోలమ్మ లేచి నిలబడింది. "మావోడిదే."

లచ్చయ్యకు ఇంజను వినబడలేదు. ఆమె చెవి దగ్గర అరిచి చెప్పింది. ఆయన ముఖం నేను మరిచిపోలేను. "డబ్బా ఆగింది కదేటి. నాను ఆపలేదే" అన్నాడు. తరువాత గొట్టం వైపు చూశాడు. "ఇక్కడ దిబ్బుంది. ఆడు దిబ్బ మీద నిలబడిపోయాడు."

గుడి ఎదురుగా నీళ్ళ కింద ఇసుక దిబ్బ ఉందని, కెరటాలు అక్కడే విరుగుతాయని, అందుకే ఆ చోట ఎవరూ పడవ దించరని అప్పుడే తెలిసింది.

"యాభై సెకన్లు ఆగి మళ్ళీ మోగుతుంది" అన్నాను.

"మోగితే కెరటాల్లోకి వొచ్చెత్తాడు. ఆపండి దాన్ని" అంటూ ఆయన డబ్బా చంకన పెట్టుకుని దిగే చోటు వైపు పరుగెత్తాడు. డెబ్బై దాటిన మనిషి. నేను గదివైపు పరుగెత్తాను. ఇసుకలో కాలు సాగదు. గదిలో చీకటి. ప్లేయరు మీద ఏ మీట నొక్కాలో చేతికి తెలియలేదు. వైరు పట్టుకుని లాగేశాను. గోడ మీది మేకుతో సహా ఊడి వచ్చింది.

బయటికి వచ్చేసరికి డబ్బా ఎక్కడా మోగడం లేదు. మంచులోంచి ఒక కేక వచ్చింది. తరువాత కెరటం విరిగిన చప్పుడు. తరువాత ఏమీ లేదు. పోలమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చీర పట్టుకుని ఆపారు. లచ్చయ్య ఇంకా చేరలేదా, పడిపోయాడా అనుకున్నాను. గడియారం చూడడం నా అలవాటు. అప్పుడు చూడలేదు.

చివరికి దక్షిణంగా మోగింది. రెండూ ఒకటీ, రెండూ ఒకటీ. ఇంజను అందుకుంది. చప్పుడు మా ముందునుంచి కొంచెం కొంచెంగా పక్కకు జరిగింది. మేమంతా ఒడ్డు వెంట దానితో పాటు నడిచాం.

పడవ ఒరిగి వచ్చింది. సగం నీళ్ళు. వల లేదు, తెడ్డు లేదు. బావమరిది భుజం పట్టుకుని కూర్చున్నాడు. దానయ్య నీళ్ళు తోడుతున్నాడు. పోలమ్మ కొడుకు వీపు మీద రెండు చరిచి, "పక్కూరు పోనావనుకున్నాను రా" అని అక్కడే కూలబడింది.

ఒకాయన నా మీదికి వచ్చాడు. "ఊల్లోకొచ్చి మైకెట్టి మనుసుల్ని సంపెత్తారేటండి?" అన్నాడు. తప్పు నాదేనని చెప్పాను. లచ్చయ్య ఆయన్ని పక్కకు తీసుకుపోయాడు.

బావమరిది భుజానికి కట్టు కట్టారు. ఎముక విరగలేదు. పోయిన వల కొనివ్వడానికి మాధవి తరఫున ఒప్పుకున్నాను. దానయ్య టీ తాగి, జరిగిందంతా విని, నన్ను ఒకటే అడిగాడు.

"గుడి దిక్కునుంచి మోగుతుంటే అనుమానం వొచ్చింది. అయినా వొచ్చీసినాను. ఎందుకో తెల్సా? అది మావ సెయ్యి. ఇంకెవుడు కొట్టినా నాను రాను. సీడీలోకి మావ సెయ్యి ఎలాగెల్లిందండి?"

మాధవి రికార్డు చేసిన సంగతి చెప్పాను. టెలిగ్రాఫ్‌లో మేమూ అంతే. అటువైపు మీట ఎవరు కొడుతున్నారో, పేరు చెప్పకుండానే చేతిని బట్టి చెప్పేవాళ్ళం. అతనికి ఆ మాట చెప్పలేదు.

పుస్తకం ముందు పెట్టుకుని లచ్చయ్యను ట్రాక్ తీసేయమంటారా అని గట్టిగా అడిగాను. ఆయన చాలాసేపు చుట్ట తాగాడు.

"ఆ పిల్ల వొచ్చినప్పుడు నాను రెండు గంటలు కొట్టాను. ఒక్కసారి ఆపలేదు. ఆ రోజు కెరటం లేదు. నాను ఆపనికాడ ఆపినట్టెట్టింది. అది తప్పు. పాట తియ్యక్కర్లేదు. నా సెయ్యి మాత్రం ఆపొద్దని రాయండి."

"నాది కూడా రాయండి" అంది పోలమ్మ. "పాట నాకు బోధపడలేదు. మళ్ళీ ఇనను."

రెండూ వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను.

11.30కి ఆటో ఎక్కి, ఒంటిగంటకు పలాసలో ఎస్‌టీడీ బూత్ నుంచి మాధవికి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను.

"తీసేస్తాం మావయ్యా."

"ఆయన తీసేయమనలేదు. ఆపొద్దన్నాడు."

"ఆ గ్యాప్ లేకపోతే ట్రాకే లేదు. మిగతా పది నిమిషాలూ దాని కోసమే." తరువాత, "గిటార్లు ఆపుతాం. అన్నీ ఆపుతాం. తాత డబ్బా ఒక్కటే ఆగకుండా మోగుతుంది. అలా అయితే ఒప్పుకుంటాడా?" అంది.

"పూర్తయ్యాక నువ్వే వెళ్ళి వినిపించు. మంచు లేని నెలలో వెళ్ళు. పడవలన్నీ ఒడ్డున ఉన్నప్పుడు పెట్టు" అన్నాను. ఆ తీరానికి చలికాలంలో వెళ్ళే ఎవరికైనా నేను చెప్పేది ఇంతే. డబ్బా మోగుతున్నంతసేపు ఆటో హారను కూడా కొట్టనివ్వవద్దు.

3.10 పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి సీటులో విశాఖపట్నం వెళుతున్న జీడిపప్పు వ్యాపారి. నేను రాసుకుంటుంటే, ఏం రాస్తున్నారని అడిగాడు. ఒక ఆల్బమ్ మీద విన్నవాళ్ళ అభిప్రాయాలని చెప్పాను. తనూ వింటానన్నాడు. సీడీలో ఉన్నది పాతదే. అయినా ఇచ్చాను. మూడోదే పెట్టుకున్నాడు. పూండి దాటేసరికి తల ఊపుతూ వింటున్నాడు. తరువాత తల ఊపడం ఆపి, చెవులకు తగిలించుకున్నవి తీసి మా ఇద్దరి మధ్య సంచి మీద పెట్టాడు.

"బాగుందండి. అయిపోనాది" అన్నాడు.

ఆయన అభిప్రాయం రాసుకుంటుండగా సంచి మీద డబ్బా మళ్ళీ మొదలైంది. రైలు చప్పుడులో ఆయనకు అది చేరలేదు. నేను తీసి చెవికి పెట్టుకున్నాను. రెండూ ఒకటీ, రెండూ ఒకటీ. ముక్కూ మొహం తెలియని నన్ను కూడా అది రమ్మనే పిలిచింది. నౌపడ వచ్చేదాకా తీయలేదు.