బాబయ్య సార్ చెప్పింది, నేను రాసింది

పోయిన నెల ధర్మవరంలో పని చూసుకుని స్టేషనుకు ఆటో ఎక్కాను. సీటు వెనక పెద్ద స్పీకరు బిగించుకున్నాడు డ్రైవరు. అందులోంచి చెక్కభజన పాట మొదలయ్యేసరికి సీటు అదిరింది, ఆ అదురు నా వెన్నులోకి పాకింది. గొంతు వెంటనే గుర్తుపట్టాను. నాగన్నది. ఈ ఊళ్లోనే మగ్గం నేస్తూ ఒక భజన దళానికి గురువుగా ఉండిన నాగన్న. ఆయన పోయి చాలా ఏళ్లయింది. గొంతు ఆయనదే గానీ పాట ఆయనది కాదు. చెక్కలు ఎక్కడా తొందరపడటం లేదు, ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు. సరిగ్గా కట్టేయని కొళాయి నుంచి నీటిబొట్లు పడ్డట్టు ఒకే లెక్కన పడుతున్నాయి. "ఎట్లుండాదక్కా సౌండు? ఒక్క దెబ్బ గూడా పక్కకు పోదు సూడు" అన్నాడు డ్రైవరు, అద్దంలో నా మొహం చూస్తూ. ఆ పాటను అలా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

బాబయ్య సార్‌ను మీరు ఎరగరు. హిందూపురం దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. పెనుకొండ దర్గాలో మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మా వైపు బాబయ్య అని పెడతారు. పేరు విని హిందువో ముసల్మానో చెప్పడం కష్టం. సార్ ముసల్మాను. మొదట్లో పెళ్లిళ్లకు, జాతరలకు మైకుసెట్లు బాడుగకిచ్చేవారు. తొంభైల్లో క్యాసెట్లకు గిరాకీ పెరిగాక హిందూపురంలోనే ఒక బట్టల అంగడి మేడమీద రెండు గదులు తీసుకుని రికార్డింగు స్టూడియో పెట్టారు. శబ్దం తిరిగి మోగకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, వాటిమీద గోనెపట్టాలు కొట్టించారు. ఎండాకాలంలో ఆ గోనె వాసన తలకెక్కేది. నేను డిగ్రీ అయ్యాక కంప్యూటరు కోర్సు చేసి, పెనుకొండ నుంచి ప్యాసింజరు రైల్లో ఆ ఉద్యోగం అడగడానికి వెళ్లాను. సార్ నా సర్టిఫికెట్లు విప్పనైనా లేదు. ఒక పాట పెట్టి వినిపించి, "దీంట్లో నీకేం బాగలేదో చెప్పమ్మా" అన్నారు. ఉద్యోగం కావాలి కదా, "అంతా బాగుంది సార్" అన్నాను. "అబద్దం చెప్తాండావు" అని నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ నవ్వును అప్పుడే కాస్త పట్టించుకుని ఉండాల్సింది.

అడగడం ఆయనకు మైకుసెట్ల రోజుల నుంచీ ఉన్న అలవాటు. మిగతా మైకులవాళ్లు స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఈయన జనం మధ్యలోంచి నడిచి చివరి వరసకు పోయి అక్కడ నేలమీద కూర్చునేవారట. అక్కడుండే ఏ ముసలమ్మనో "అవ్వా, మాట తెలుస్తాందా? చెవుల్లో గుయ్యిమంటాందా?" అని అడిగి, మళ్లీ ముందుకొచ్చి మీటలు తిప్పేవారట. స్టూడియో పెట్టాక కూడా అంతే. క్యాసెట్టు తయారైతే మొదట కింద బట్టల అంగడిలో పనిచేసేవాళ్లకు వినిపించేవారు. బాగుందన్నవాళ్లను వదిలేసి, మొహం చిట్లించినవాళ్ల పక్కన కూర్చునేవారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఒక నోటుపుస్తకంలో రాయడం నా పని. "పాట బాగుండాది గానీ కడుపులోకి పోల్యా" అని ఒకామె అంటే అదే రాయమన్నారు. కడుపులోకి పోకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. సార్‌కు అర్థమైంది. ఆ పూటే డోలు మళ్లీ రికార్డు చేయించారు.

పాటల సాఫ్ట్‌వేరు మా స్టూడియోకి వచ్చింది నేను చేరిన రెండో ఏడు. ఊళ్లో కంప్యూటరున్నవాళ్లంతా బెంగళూరు నుంచి దొంగ సీడీలు తెచ్చుకుంటే, సార్ మాత్రం విదేశీ కంపెనీ డబ్బానే కొన్నారు. మా ఇంట్లో చెబితే నాయన ఆ మనిషికి పిచ్చి అన్నాడు. సార్‌ను అడిగితే, "కొన్నోడికే గదమ్మా అడిగే హక్కుండేది" అన్నారు. డబ్బాలో ఒక కార్డు ఉంది. ఈ సాఫ్ట్‌వేరులో మీకు ఏం ఇబ్బందిగా ఉంది, కొత్తగా ఏం చేర్చాలి, రాసి పంపండి అని. ఆ కార్డును ఆయన పెళ్లిపత్రికలా పసుపు రాసి దాచుకోవడం ఒక్కటే తక్కువ. ఎక్కడో దేశంకాని దేశంలో కూర్చున్నవాళ్లు చివరి వరస దాకా వచ్చి తనను అడిగారని ఆయన సంబరం.

నాగన్న దళం మా దగ్గరికొచ్చింది ఆ రోజుల్లోనే. పన్నెండుమంది, అందరూ ధర్మవరం మగ్గాలవాళ్లు. చెక్కభజన పాట నిదానంగా మొదలవుతుంది. గురువు మధ్యలో నిలబడి పాడుతుంటే తక్కినవాళ్లు చుట్టూ అడుగులేస్తూ, చేతుల్లో చెక్కలు కొడుతూ అందుకుంటారు. గురువుకు ఎప్పుడు తోస్తే అప్పుడు ఒక కేక వేస్తాడు, దానితో వేగం పెరుగుతుంది. చివరికి చూసేవాడి గుండె కూడా ఆ పరుగు అందుకుంటుంది. మా కంప్యూటరు తెరమీద మాత్రం నిలువుగీతలు, ఒకదానికొకటి సమానదూరంలో. ప్రతి దెబ్బా గీతమీద పడాలి. అలా పడితేనే కీబోర్డూ తబలా తర్వాత అతికించగలం. నాగన్న చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, అందులో టిక్కు టిక్కుమనే లెక్క వినిపిస్తూ పాడమన్నాను. నాలుగు చరణాలు పాడి హెడ్‌ఫోన్ తీసి నా టేబులు మీద పెట్టాడు.

"చెవులో ఎవురో నిలబడి గద్దిస్తాంటే ఎట్ల పాడేదమ్మా?"

సార్ లోపలికొచ్చారు. నేలమీద జంఖానా పరిపించి, చెప్పులు విప్పించి, అందరినీ అడుగులేస్తూ పాడమన్నారు. ఆ చిన్న గదిలో పన్నెండుమంది తిరుగుతుంటే గోనెపట్టాల దుమ్ము లేచింది. మూడో చరణంలో నాగన్న కేక వేశాడు. నా చేతిమీద వెంట్రుకలు లేచాయి, అబద్ధం చెప్పను. కానీ తెరమీద చూస్తే దెబ్బలన్నీ గీతలు తప్పి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. నా చదువు తెరను నమ్మమంది. నేను తెరనే నమ్మాను.

ఆ మర్నాడు సార్ కార్డు తీసి, ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. "రాయమ్మా. అయ్యా, మీ గీతలు నేరుగా ఉండాయి, మా నాగన్న నేరుగా లేడు. తప్పు నాగన్నది కాదు. మనిషి యనకాల మిషన్ రావల్ల గానీ, మిషన్ యనకాల మనిషి పోకూడదు. నేను పాట వింటా చేత్తో టేబులు మీద తడతాను. నా చెయ్యి పడిన కాడ మీ గీత పడేట్ల చేయండి. ఆయప్ప ఉరికితే గీతలు గూడా ఉరకల్ల." అంతా తెలుగులో పుస్తకంలో రాసుకున్నాను. ఇంగ్లీషులోకి మార్చడానికి కూర్చునేసరికి నాకు సిగ్గేసింది. మిషన్ మనిషి వెనక రావడమేమిటి? చదువురాని మాటలా ఉంది. అసలు ఇబ్బంది మనవాళ్లకు లెక్క నిలవకపోవడమే అని నా గట్టి నమ్మకం. అది ఆయనతో అనే ధైర్యం లేదు. అందుకని నా తెలివంతా వాడి చక్కటి ఉత్తరం తయారుచేశాను. మా ప్రాంతపు గాయకులు తాళం సరిగా పాటించరు, వాళ్ల దెబ్బలు గీతలమీదకు తెచ్చే సాధనం ఒకటి చేర్చగలరని మనవి. కింద బాబయ్య సార్ సంతకం పెట్టారు. ఆయనకు ఇంగ్లీషు సంతకం పెట్టేంత వరకే వచ్చు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. మంచి దళసరి కాగితం, మీద కంపెనీ ముద్ర. మీ సూచన చాలా విలువైనది, రాబోయే కూర్పులో పరిశీలిస్తున్నాం అని. అది చదివి చెప్పగానే సార్ బజారుకు పోయి ఫ్రేము కట్టించుకొచ్చి, లోపలికి రాగానే కనబడేలా తగిలించారు. వచ్చిన ప్రతివాడికీ చూపించేవారు. "చూడప్పా, మన నాగన్న కోసరం ఆడ మిషన్ మారుస్తాండారు" అనేవారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేను మానిటరు తుడుచుకుంటూ కూర్చునేదాన్ని.

సాఫ్ట్‌వేరు కొత్త సీడీ వచ్చిన రోజు సార్ నాగన్న దళాన్ని ధర్మవరం నుంచి పిలిపించారు. మళ్లీ జంఖానా, మళ్లీ అడుగులు, మళ్లీ ఆ కేక. పాట అయ్యాక అందరూ చెమటలు తుడుచుకుంటూ నా వెనక చేరారు. కొత్తగా వచ్చిన మీట నొక్కాను. తెరమీద దెబ్బలన్నీ బడిపిల్లల్లా పక్కకు జరిగి, ఒక్కొక్కటే గీతమీద నిలబడ్డాయి. పాట వేశాను. కేక ఉంది. దాని తర్వాత రావాల్సిన పరుగు లేదు. నాగన్న చాలాసేపు విని, "ఇది ఎవురు పాడింది బాబయ్యన్నా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

వాళ్లు వెళ్లాక సార్ నా ఎదురుగా కూర్చున్నారు. "మనం పంపిన ఉత్తరం నకలు ఉండాది గదా. దాన్ని తెలుగులో చదువమ్మా" అన్నారు. చదివాను. ఒక్కో వాక్యం చదువుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"ఇంగ్లీషు బాగుండాదా?"

"బాగుంది సార్."

"ఆల్లకు బాగనే అర్థమైండాది. అడిగింది అడిగినట్టే ఇచ్చినారు."

ఇంతే అన్నారు. తిట్టలేదు, ఉద్యోగం మానమనలేదు. గోడమీది ఫ్రేము కూడా తీయలేదు. వచ్చినవాళ్లకు చూపించడం మాత్రం మానేశారు. నేను రోజూ దాని కిందే కూర్చుని పనిచేశాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

నా ఒక్క ఉత్తరానికే ఆ మీట పుట్టిందనుకునేంత వెర్రిదాన్ని కాను. నాలాంటి తెలివైనవాళ్లు ప్రపంచమంతటా ఉంటారు, అందరూ అదే అడిగి ఉంటారు. కానీ వేరేగా అడిగిన ఒక్క మనిషి మాట నా చేతుల్లోకి వచ్చింది, దాన్ని తిరగేసి పంపింది నేను. తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంకో ఉత్తరం రాశాను. అప్పటికి ఇంటర్నెట్టు వచ్చింది, జవాబు వారంలోనే వచ్చింది, రెండే వాక్యాలు. చాలామంది వినియోగదారులు కోరని వాటిని ఇప్పట్లో చేపట్టలేమని. "చాలామంది అంటే ఎవురమ్మా? నాగన్నను అడిగినారా?" అన్నారు సార్.

ఈలోగా ఊళ్లో ఇంకో రెండు స్టూడియోలు వెలిశాయి. అక్కడ ఆ మీట ఉంది, వాడటానికి మొహమాటం లేదు. నాలుగు లైన్లు కూర్చుని పాడితే చాలు, మిగతాది కంప్యూటరే అతికిస్తుంది. ఒక పూటలో సీడీ చేతికొస్తుంది. దళాలన్నీ అటు తిరిగాయి. చివరికి నాగన్న కూడా పోవాల్సి వచ్చింది, దళంలోవాళ్లు పట్టుబట్టారు. పోయొచ్చాక తానే వచ్చి సార్‌కు చెప్పాడు. "ఆడ చెప్పులు గూడా ఇప్పమన్లేదు బాబయ్యన్నా. కుర్చీలో కూచోబెట్టి పాడమన్నారు." ఆ మాట అంటూ తన కాళ్లవంక చూసుకున్నాడు. సార్ ఆ మీటను తన స్టూడియోలో మళ్లీ నొక్కనివ్వలేదు. ఏడాది తిరక్కుండా గోడల గుడ్ల అట్టలు తన చేతులతోనే పీకేసి, మళ్లీ మైకుసెట్లలోకి వెళ్లిపోయారు.

నేను బెంగళూరులో ఒక కంపెనీలో చేరాను. వినియోగదారుల ఫిర్యాదులు, సూచనలు చదవడం నా పని. తలుచుకుంటే దేవుడికి ఎంత వేళాకోళమో అనిపిస్తుంది. కొన్నేళ్లకు హిందూపురంలో ఒక పెళ్లికి వెళ్తే, కల్యాణమండపంలో చివరి వరస కుర్చీలో సార్ కనిపించారు. మైకుసెట్టు ఆయనదే. బాగా చిక్కిపోయారు. పక్కన కూర్చుని, ఇన్నేళ్లూ చెప్పలేనిది చెప్పాను. మీ మాట నాకు తప్పనిపించింది సార్, ఆ సంగతి మీతో అనలేక దొంగచాటుగా మార్చేశాను అని. ఆయన స్టేజీవైపే చూస్తూ విన్నారు.

"నీకట్ల అనిపించిందని నాతోనే చెప్పింటే సరిపోతాండె గదమ్మా. పోట్లాడుకొనింటిమి. నాగన్నను మళ్లీ పాడమని, నిన్ను కండ్లు మూసుకోని వినమనింటి." నావైపు తిరిగి, "అంగట్లో వాళ్లందర్నీ అడిగినాను. పనిలో చేరినాక నిన్నొక్కదాన్నే అడగలేదు. ఆ తప్పు నాది" అన్నారు.

తప్పు తన మీద వేసుకుని నన్ను వదిలేశారు. ఆ పొద్దు ఆయనమీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. మరుసటి ఏడు ఆయన పోయారని ఆలస్యంగా తెలిసింది.

ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. ఆఫీసులో ఎవరు ఏ భాషలో ఏం చెప్పినా, ఎంత వింతగా చెప్పినా, ఒక్క ముక్క మార్చకుండా రాస్తాను. నా పైవాళ్లు విసుక్కుంటారు. దానివల్ల బాబయ్య సార్‌కు గానీ నాగన్నకు గానీ ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు.

స్టేషను వచ్చింది. కుర్చీలో కూర్చుని పాడిన ఆ పాట ఇంకా అయిపోలేదు. నాగన్న కేక వేశాడు, చెక్కల వేగం పెరగలేదు. ఆటో ఆపి, డ్రైవరు వెనక్కి తిరిగి ఎంతో ఆశగా మళ్లీ అడిగాడు. "చెప్పనే లేదక్కా, ఎట్లుండాది?"

"అంతా బాగుందప్పా" అన్నాను.