గాలి డాక్టరు నెత్తికెత్తుకున్న నేరం

మన కంప్యూటర్లు బాగుచేసే గాలి డాక్టరే వాటిలోకి వైరస్ దొంగల్ని ఎక్కిస్తాడనీ, తర్వాత ఏమీ ఎరగనట్టు తనే వచ్చి దింపుతాడనీ వీధిలో ఒక మాట తిరుగుతోంది. తిప్పేవాళ్ళు కాస్త ఆగి వినండి. ఆ మాట ఎవరి నోట పుట్టిందో తెలిస్తే మీకే నవ్వొస్తుంది. ప్రెస్సు తాతగారే స్వయంగా చెప్పేశాక ఇక దాచేదేముంది!

డాక్టరుకున్న పిచ్చి ఒక్కటే. ఏ కంప్యూటరుకు ఏ రోగమొచ్చినా తప్పు గాలి మీదకు తోసేస్తాడు. విప్పిన పెట్టె ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, లోపల తిరిగే చిన్న ఫ్యాను వంక చూస్తూ అరగంట కూర్చుంటాడు. నిద్రపోతున్నాడో వైద్యం చేస్తున్నాడో చూసేవాళ్ళకు తెలియదు. ఆఖరికి మెల్లగా నిట్టూర్చి, "గాలికొచ్చింది" అంటాడు.

మందుల షాపాయన ఒకసారి పట్టుబట్టాడు. "గాలేంటయ్యా బాబూ, నా షాపుకి కిటికీలే లేవు!"

"అందుకే, పాపం, వచ్చింది మళ్ళీ బయటికి పోలేకపోయింది."

బడి గుమాస్తా కంప్యూటరుకు పడమటి గాలి తగిలిందన్నాడు. లెక్కల మాస్టారి దానికి తూర్పు గాలట. ఇద్దరి బల్లలూ ఒకే గదిలో, ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి.

ఇక ప్రెస్సు సంగతి. కూతురు నడుపుతుంది, తాతగారు చూస్తూ కూర్చుంటారు. నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు ఏరి, తలకిందులుగా పేర్చి బతికిన కంపోజిటరు ఆయన. సీసం పోయింది గానీ వేళ్ళు ఊరుకోవు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ కంప్యూటరు ముందు చేరి, ఒక్కో మీటా నొక్కుతూ, వయసులో తను పేర్చిన అక్షరాల కోసం నెట్టులో వెతుకుతుంటారు. తెర మీద వెలుగు, గుమ్మంలో ఎండ, సిరా వాసన. ఆ గంటసేపూ ఆయనకు ఇరవయ్యేళ్ళే.

ఒకరోజు పొద్దున్నే ఎవరూ ముట్టకుండా తెర మీద బాణం గుర్తు కదిలింది. నీళ్ళలో చేపలా అటూ ఇటూ తిరిగి, ఖాతాదారుల ఉత్తరాలు ఒక్కొక్కటే విప్పసాగింది. తాతగారు మైమరచి చూస్తూ ఉండిపోయారు. కూతురు కెవ్వుమంది. డీటీపీ చేసే అక్కయ్య, "నేను ముట్టుకోలేదు!" అంటూ రెండు చేతులూ పైకెత్తింది. అలా ఎత్తడమే ఆమె కొంప ముంచింది, అనుమానం ఆమె మీదకే పోయింది.

డాక్టరు వస్తూనే నెట్టు వైరు పీకేశాడు. "ముందు వాడి దారి కట్టాలి" అని తన పెన్‌డ్రైవు గుచ్చాడు. "ఈ పెట్టె ఇప్పుడు వాడి చెప్పుచేతల్లో ఉంది. ఏమైందని అడిగితే బాగానే ఉన్నానంటుంది. అందుకని ఇందులో ఉన్న నా సరుకుతో లేపి చూస్తా."

కంప్యూటరు లేవగానే దానితోపాటు లేచేవాటి జాబితా తెరిచాడు. ఒక పేరు దగ్గర ఆగాడు.

"ఇదుగో. పెరటి తలుపు గడియ తీసి బయటివాణ్ణి రానిచ్చేది ఇదే."

"ఎలా దూరిందన్నయ్యా?" కూతురు అడిగింది.

"దూరదు చెల్లెమ్మా, మనమే పిలుస్తాం. అందమైనదేదో ఉచితమంటూ చేతిలో పెడతారు. రెండుసార్లు నొక్కితే ఏమీ తెరుచుకోదు. పనిచెయ్యలేదులే అని మనం లేచిపోతాం. లోపల గడియ అప్పటికే ఊడిపోయుంటుంది."

తాతగారికి చప్పున గుర్తొచ్చింది. మొన్న నెట్టులో దొరికిన 'ఉచిత అక్షరాల మూట'! రెండుసార్లు నొక్కారు. ఏమీ తెరుచుకోలేదు.

"ఎవరు నొక్కారు?" కూతురు నడుం మీద చేతులు పెట్టింది. "గాలీ గీలీ అన్నావంటే ఊరుకోను. పదకొండేళ్ళు పనిలో పెట్టుకుని నమ్మాను. ఈ అక్కయ్యే అయితే ఇవాళే పంపించేస్తా!"

అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు. డాక్టరు తెర మీద ఆ దొంగ ఎక్కిన తారీఖు చూశాడు. పక్కనే వేళ: మధ్యాహ్నం రెండుంపావు. తాతగారి వంక చూశాడు. కాసేపు ఫ్యాను వంక చూశాడు.

"నేనే."

"నువ్వా!"

"పోయినసారి వచ్చినప్పుడు నా పెన్‌డ్రైవులోంచి ఎక్కింది. చూసుకోకుండా పెట్టేశా."

ఆమె పెట్టిన చీవాట్లు వీధంతా విన్నది. పది నోళ్ళు దాటేసరికి 'చూసుకోకుండా' రాలిపోయి 'కావాలని' అంటుకుంది. అదీ ఆ మాట పుట్టుక. వారం తిరక్కుండా డాక్టరు షాపు ముందు బెంచీ సగం ఖాళీ అయింది.

ఆయన మాత్రం ఆ దొంగను వేళ్ళతో సహా పెకలించాడు, రెండుసార్లు జల్లెడ పట్టాడు, పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటరు నుంచి మార్పించాడు. మళ్ళీ మొలకెత్తిందేమో చూడ్డానికి ఎనిమిదో రోజు మధ్యాహ్నం వచ్చాడు. అందరూ కునుకులో ఉన్నారు. తాతగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"నొక్కింది నేనని నీకు తెలుసు. షాపు పేరు పోగొట్టుకుని ఎందుకు మీదేసుకున్నావురా?"

"చెప్పేస్తే ఈ వేళప్పుడు ఈ కుర్చీలో మిమ్మల్నెవరు కూర్చోనిస్తారు బాబాయ్? అది సరే గానీ, ఇటు చూడండి. ఆ మూటలో దొంగతోపాటు అక్షరాలు నిజంగానే ఉన్నాయి. వాణ్ణి గెంటేసి, వీటిని శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. ఈ 'ళ' తోక చూడండి, ఎంత వయ్యారంగా తిరిగిందో!"