డోలు సార్ నేర్పిన నడక

పోయిన శుక్రవారం పొద్దున స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. మా డోలు సార్ గుండెపోటుతో పోయారట. ముహూర్తాల రోజుల్లో పెళ్ళిళ్ళకు డోలు వాయించి, మిగతా రోజుల్లో తిరుపతిలోని మా చిన్న స్టూడియోలో కార్టూన్ బొమ్మలకు నడకలు నేర్పిన మనిషి ఆయన. నా కుర్చీ ఆయన పక్కనే.

పెళ్ళి నుంచి నేరుగా పట్టుపంచెతో, నుదుట గంధంతో వచ్చేవారు. వేళ్ళకున్న గట్టి తొడుగులు తీయడం మరిచిపోయి కీబోర్డు కొడితే ఆఫీసంతా ఉలిక్కిపడేది. ఏ బొమ్మను కదిలించాలన్నా ముందు బల్ల మీద తాళం వేసుకునేవారు. అందుకే ఆయన చేసిన గేదె కూడా తాళానికి అడుగులేసేది. గేదె పెళ్ళికి పోతున్నట్టుందని వీడియో చేయించుకున్నాయన విసుక్కుంటే, "పోనీలేప్పా, దాన్ని మాత్రం ఎవురు పిలస్తారు పెండ్లికి?" అన్నారు.

నేను చేరిన కొత్తలో పరీక్షగా నీళ్ళబిందె మోసే అవ్వ బొమ్మ ఇచ్చారు. అది కుదిరితేనే ఉద్యోగం. లేకపోతే మా ఊరు సత్యవేడుకు తిరిగి రమ్మని నాయన ముందే చెప్పి ఉన్నాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. చదివిన చదువుకు బొమ్మలు కదిలించడం ఏం పనో నాయనకు అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను. నేను చేసిన అవ్వేమో నడవదు, నేల మీద జారుతుంది. సార్ చూసి, బిందెలో నీళ్ళు పోయడం మరిచిపోయినావు పాపా అన్నారు. మరునాడు ఏర్పేడులో పెళ్ళికి వెంట తీసుకెళ్ళారు, జనం కాళ్ళు చూడమని.

తాళి కట్టే వేళ అపశబ్దం ఏదీ వినబడకుండా డోలు గట్టిగా మోగాలి. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. డోలు మోగలేదు. మళ్ళీ అన్నాడు. తాళి పట్టుకున్న పెళ్ళికొడుకు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. సార్ చూపు పందిరి పక్కగా బిందె ఎత్తుకుని పోతున్న ఒక ముసలామె మీద ఉంది. నన్నూ చూడమని కనుసైగ చేస్తున్నారు.

"యాడ సూస్తా ఉండావప్పా?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

"ఆ యమ్మ ఇంగా కాలు కింద పెట్టలేదు సామీ," అన్నారు సార్. ఆమె పాదం నేల తాకాకే డోలు అందుకున్నారు.

భోజనాల దాకా మాతో ఎవరూ మాట్లాడలేదు. నేను మాత్రం చూడాల్సింది చూశాను. బరువు మోసే మనిషి పాదం వెంటనే పడదు, నేలను వెతుక్కుంటుంది. వచ్చి అవ్వను మళ్ళీ చేశాను. ఉద్యోగం నిలిచింది. నాయన ఫోన్లో ఆ బొమ్మను చూసి, "ఈ యమ్మకు మోకాళ్ళు నొప్పి మాదిరి ఉండాదే అమ్మీ" అన్నాడు. ఆ మాటను సార్ తన మేళం వాళ్ళందరికీ చెప్పుకున్నారు.

ఆయన్ను సాగనంపేటప్పుడు ఆ మేళం వాళ్ళే వాయించారు. ఏడుస్తూనే అందరి కాళ్ళూ చూస్తున్నాను. డోలు మోస్తూ వాయిస్తున్నాయన చెప్పు తెగింది. విడవకుండా ఈడుస్తూ నడిచాడు. ఆయనతో పాటు డోలు దెబ్బ నెమ్మదించింది. దెబ్బతో పాటు జనమంతా నెమ్మదించి, ఎండలో, ఆ ఈడ్చే కాలి వెనకే కదిలారు.