అత్తమ్మ అలిగిందనుకున్న రెండేళ్లు

1996లో వీరలక్ష్మి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. భర్త మొగులయ్యకు ఇస్నాపూర్ దగ్గరి మరో ఫ్యాక్టరీలో షిఫ్టులు. చిట్కుల్‌లో ఇల్లు, ఎకరం పొలం చూసుకునేది అత్త కౌసల్యమ్మే. తను పనికి వెళ్లడం అత్తకు ఇష్టం లేదేమోనని వీరలక్ష్మికి ఆ ఏడాదే అనుమానం మొదలైంది.

ఎందుకంటే అత్త ముఖం మారిపోయింది. పలకరిస్తే రెప్ప వేయకుండా చూసేది. మనవరాలు ఒళ్లో పడి గిలిగింతలు పెట్టినా పెదవి కదిలేది కాదు. గొంతు సన్నబడిపోయి, ఏ మాటైనా రెండోసారి అడిగితేనే వినిపించేది. బియ్యం చేటలో పోసుకుని గంటసేపు అలాగే కూర్చునేది. కోడలి మీద అలిగిందని వాడకట్టు వాళ్లన్నారు. వీరలక్ష్మీ అదే నమ్మి, రెండేళ్లు అవసరానికి మించి మాట్లాడలేదు. షిఫ్టు దిగి వచ్చి, వండి, కంచం ముందు పెట్టి, వెళ్లి పడుకునేది.

ఒక పొద్దున గడప దగ్గర కౌసల్యమ్మ కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయాయి. ముందుకు పడింది. కట్టు కట్టించడానికి పటాన్‌చెరు తీసుకెళ్తే, అక్కడి డాక్టరు నుదుటి గాయం కంటే ఆమె నడకనే ఎక్కువసేపు చూశాడు. హైదరాబాద్‌లోని నరాల డాక్టరుకు చీటీ రాసిచ్చాడు. అది పార్కిన్సన్ జబ్బని అక్కడ తేలింది.

"చేతులు వణుకుతలేవు గద సారూ," అన్నాడు మొగులయ్య.

"అందరికీ వణకాలని లేదు. కండరాలు బిగుసుకుంటాయి, ముఖంలోవి కూడా. లోపల సంతోషమున్నా పైకి కనిపించదు. పూర్తిగా పోయే జబ్బు కాదు. వేళకు మందులు పడితే కదలిక తేలికవుతుంది," అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో వీరలక్ష్మి అత్త పక్కనే కూర్చుంది. ముత్తంగి దగ్గర అడిగింది.

"అత్తమ్మా, గిన్ని దినాలు నా మీద కోపం లేకుండెనా?"

కౌసల్యమ్మ జవాబుకు చాలాసేపు పట్టింది. "నువ్వే నాతోని మాట్లాడుడు బంద్ జేసినవ్ అనుకున్న, బిడ్డా."

సంగతి తెలిసినంత మాత్రాన పని తగ్గలేదు. మాత్ర వేసిన గంటకు కౌసల్యమ్మ ఒళ్లు కాస్త వదులయ్యేది. స్నానం, తిండి అప్పుడే ముగించాలి. షిఫ్టు మారినప్పుడల్లా ఆ వేళలూ తప్పేవి. కొన్ని రోజులు వీరలక్ష్మి విసుక్కునేది, తర్వాత తనే బాధపడేది.

కౌసల్యమ్మ ఇంకో ఏడేళ్లు బతికింది, చివరి ఏడాది మంచంలోనే. పని నుంచి రాగానే వీరలక్ష్మి మంచం పట్టె మీద కూర్చుని, "ఇయ్యాల మంచిగున్నవా అత్తమ్మా?" అని అడిగేది. జవాబు వచ్చేదాకా లేచేది కాదు. ఒక్కోసారి అది వచ్చేలోపే కూర్చున్నచోటే కునుకు పట్టేది.