ఫైరింజను నీళ్లు

బర్మామైన్స్‌లో నాతో పెరిగినవాళ్లారా, ఈవేళ సాక్చీ బజార్లో ఐసు మీద కప్పిన తడి గోనె వాసన తగిలింది. ఎండాకాలంలో మన క్వార్టర్ల లైనుకి ఫైరింజను వచ్చేది, గుర్తుందా? గోతిలో కిరోసిన్ వెలిగించి, తడి గోనెతో ఆర్పి చూపించేవారు. చీర అంటుకుంటే పరుగెత్తొద్దు, నేలమీద దొర్లమని హిందీలో చెప్పేవారు. విన్నదెవరు? కుళాయిలు ఎండిన రోజులు. మన ఆడవాళ్లంతా బిందెలతో ఇంజను వెనకే వరస కట్టేవారు.

"అరే దీదీ, పానీ బాద్ మే, పహలే ఇధర్ దేఖో!" అని, నీళ్లు తర్వాత, ముందు ఇటు చూడమని ఒకసారి ఫైరాయన మొత్తుకున్నాడు.

"నువ్వు ఆర్పుకో బాబూ, మేం నీల్లు పట్టుకుంతాం. రోజూ పొయ్యికాడే సత్తన్నాం, నిప్పు మాకు కొత్తేటి?" అంది మా పక్కింటి అప్పలమ్మ పిన్ని.

ఆయనా నవ్వేసి ఆమె గుమ్మంలో ఉన్న పీపా కూడా నింపిపెట్టాడు. ఆ సాయంత్రమంతా నేను పిన్ని గొంతుతో అదే మాట అంటూ లైనంతా నవ్వించాను.

మర్నాడు స్టవ్ భగ్గుమని పిన్ని చీర అంటుకుంది. పీపా గుమ్మంలోనే ఉంది. దాన్ని దాటుకుని వీధి చివరిదాకా పరుగెత్తింది. మనం చూస్తూ నిలబడ్డాం.

ఆస్పత్రి నుంచి శవాన్ని తెచ్చాక, ఆ పీపా నీళ్లతోనే స్నానం చేయించారు. కుళాయి ఆవేళ కూడా రాలేదు.